అత్త పేరున్న కంచం

కోరుట్లలో మా మేనత్త పోయింది. పొద్దున నేను పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతుంటే బావ ఫోన్ చేశాడు. "అమ్మ వోయిందే" అన్నాడు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా నేను కదల్లేదు. సిరిసిల్ల నుంచి కోరుట్ల ఏమంత దూరం కాదు. ఆ రోజు మాత్రం బస్సు ఎంతకీ వేములవాడ దాటలేదు.

అత్త వాళ్ళ వీధి మలుపు తిరగ్గానే ముందు కనిపించింది అత్తే. రెండు కరెంటు స్తంభాల మధ్య ఇంత పెద్ద ఫ్లెక్సీలో నవ్వుతోంది. పైన కన్నీటి వీడ్కోలు అని, కింద వరసగా వీధిలోని పిల్లగాళ్ళ ఫొటోలు. అత్త ఎన్నడూ అట్లా నవ్వింది లేదు, స్టూడియో వాళ్ళే ఆ పెదవులు కాస్త సాగదీసినట్టున్నారు. బతికినన్నాళ్ళూ ఒక్క పాల కవరు పారెయ్యని మనిషిని తీసుకుపోయి ప్లాస్టిక్ గుడ్డ మీద అచ్చు వేసి వేలాడదీశాం. ఏడుపు కంటే ముందు నాకు సిగ్గు ముంచుకొచ్చింది. ఈ నాలుగు మాటలూ ఆ సిగ్గుతోనే రాస్తున్నాను. ఏడుపు తరువాత తగ్గింది గాని ఇది తగ్గలేదు.

చదువుతున్న మీకు అత్త తెలియదు కాబట్టి చెబుతాను. ఆమె సర్కారు బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండేది. బడి పిల్లలంతా ఆమెను బువ్వవ్వ అనేవారు. నల్లగా, పొట్టిగా ఉండేది. కోపం మాత్రం ముక్కు మీదే. గంటె పట్టుకుని నిలబడితే పంతుళ్ళు కూడా పక్కకు తప్పుకుని పోయేవారు. నా డిగ్రీ చదువంతా ఆమె ఇంట్లోనే సాగింది. మా నాయినమ్మ, అంటే అత్తను కన్నతల్లి, ఆ ఇంట్లోనే అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళ మీద తీర్పులు చెబుతుండేది.

అత్త ఇంట్లో చెత్తబుట్ట లేదు. నమ్మరు గాని నిజంగా లేదు. పాల కవర్లు కడిగి దండెం మీద ఆరేసేది. నూనె ప్యాకెట్లను చీల్చి, వేడినీళ్ళతో జిడ్డు వదిలించి, వాటినీ అక్కడే వేలాడదీసేది. మా స్నేహితురాళ్ళు ఇంటికి వస్తున్నారంటే ముందుగా పరుగెత్తి ఆ తోరణాలన్నీ పీకి దాచడం నా పని. "ఏందే కోడలా, గంత సిగ్గు వడ్తున్నవ్? నేనేమన్న దొంగతనం చేసిన్నా?" అనేది. కిరాణా కొట్టు సేటు కవర్లో కట్టిస్తే సరుకు సంచిలో ఒంపుకుని, "నీ సామాను నీకే ముబారక్" అని కవరు తిరిగి అతని చేతిలో పెట్టి వచ్చేది. పెళ్ళికి పోతే చెంబు వెంట తీసుకుపోయేది. నేను సిరిసిల్లకు కోడలిగా వెళ్ళాక, మరమగ్గాల సాంచాల దగ్గర మిగిలే గుడ్డముక్కలు పంపమని ఒకటే పోరు. వాటితో సంచులు కుట్టి వాడకట్టంతా పంచింది.

ఆమెను దేవతను చేసి చెప్పడం లేదు. అత్తకూ ఒక అలవాటుంది, తంబాకు. అది చిన్న చిన్న ప్లాస్టిక్ పొట్లాల్లో వస్తుంది. ఖాళీ పొట్లాన్ని మడిచి కొంగున ముడి వేసుకునేది. ముడి లావయితే, మంచం కింద ఉన్న డబ్బాలో వేసి మూత పెట్టేది. ఒకసారి ఆ డబ్బా ఏమిటని అడిగాను.

"నా సిగ్గు. ఎవల సిగ్గు ఆళ్లింట్లనే ఉండాలె బిడ్డా. పారేసుడంటె ఏంది? తీస్కపోయి ఇంకొకల ఆకిట్ల వెట్టుడే గద."

నాకు నవ్వొచ్చింది. అప్పుడు నా వయసు అట్లాంటిది మరి. లోకాన్ని మార్చే పని పెద్ద పెద్ద ఊరేగింపుల్లో జరుగుతుందనీ, మంచం కింది డబ్బాల్లో ఏముంటుందనీ నా లెక్క.

ఊరేగింపులకు ఆ రోజుల్లో కొదవ లేదు. తెలంగాణ కోసం అందరం రోడ్డెక్కిన కాలం. సకల జనుల సమ్మె నడుస్తోంది. బళ్ళు బంద్, బస్సులు బంద్. రోడ్ల మీదే వంటా వార్పూ. వందల మందికి ఎసరు పెట్టడం చేతనయింది అత్తకే కాబట్టి కమిటీ వాళ్ళు ఇంటికి వచ్చి అడిగారు. "నా పొయ్యి రోడ్డెక్కుతదా? ఎక్కనియ్యిర్రి" అని గంటెతో సహా బయల్దేరింది. మొదటిసారి బగారన్నం, పప్పు. జగిత్యాల నుంచి ఆటోలో తెల్లటి థర్మాకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు దిగాయి. డప్పులు మోగాయి. నేనైతే గొంతు పోయేదాకా నినాదాలిచ్చాను. అంత సంబరంగా మళ్ళీ ఎప్పుడైనా అన్నం తిన్నానో లేదో.

తెల్లవారి చూస్తే రోడ్డంతా మా ఎంగిలే. ఊడ్చేవాళ్ళు లేరు, మున్సిపాలిటీ వాళ్ళూ సమ్మెలోనే ఉన్నారు. గాలికి ప్లేట్లు లేచి మురికి మోరీల్లో పడ్డాయి, బడి గోడ దాటాయి, పసుపు చేలల్లోకి కొట్టుకుపోయాయి. కమిటీ పెద్దమనిషి ఒకాయన వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "ఆ వాడ నుంచి నలుగురు ఆడోళ్లను విలిపిస్త. ఎంతో కొంత ఇస్తె ఎత్తుతరు" అన్నాడు. ఏ వాడ అని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు. ఊరి ఎంగిలి ఎవరు ఎత్తుతారో ఊళ్ళో అడగవలసిన పని ఎన్నడూ పడలేదు.

అత్త గిన్నెలు తోముతున్నదల్లా లేచింది.

"ఆళ్లు గుడ సమ్మెల ఉన్నరు గదనే? నిన్న నీ పక్కపొంటి జెండలు వట్టుకోని నిలవడ్డరు. తెలంగాణ అందరిదని మైకుల నువ్వే అంటివి. అందరిదైతె ఎంగిలి మాత్రం ఆళ్లదే ఎట్లయితది?"

"ఊకె ఒక మాట అన్న అక్కా, నువ్వు గట్ల తీసుకుంటె ఎట్ల?" అని ఆయన నసిగాడు.

"తిన్నోళ్లు ఎత్తుర్రి" అంది అత్త. ఎవరూ కదల్లేదు. చివరికి ఆమే కొంగు దోపుకుని వంగింది. చేసేది లేక నేనూ వంగాను, కాలేజీ వాళ్ళెవరైనా చూస్తారేమోనని చున్నీ ముక్కు దాకా లాక్కుని. రోడ్డవతల చెట్టు కింద మున్సిపాలిటీలో ఊడ్చే మల్లవ్వ కూర్చుని ఉంది. మేం వంగడం చూసి గబగబా లేచి వచ్చింది. అత్త చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వు కూసో చెల్లె. సమ్మెల ఉన్నవ్ నువ్వు" అంది. మల్లవ్వకు ఏం చెయ్యాలో తోచక కాసేపు అక్కడే నిలబడి, మళ్ళీ వెళ్ళి చెట్టు కింద కూర్చుంది.

రెండోసారి వండమంటే అత్త ఒక షరతు పెట్టింది. ఎవరి కంచం వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకోవాలి. ఆ ముక్క తానే మైకులో చెప్పింది.

"నా బళ్లె రెండో తరగతి పోరగాండ్లు కంచం సంకల వెట్టుకోని అస్తరు. తిని కడుక్కోని పోతరు. రాష్ట్రం అడుగుతున్నోళ్లు, మీకు కంచం బరువైతదా?"

జనం విరగబడి నవ్వారు గాని తెచ్చారు. సంచుల్లో, సైకిల్ హ్యాండిళ్ళకు, నెత్తుల మీద బోర్లించుకుని మరీ తెచ్చారు. రోడ్డు మీద బంతులు తీరి కూర్చుంటే ఎండకు ఆ కంచాలన్నీ కళ్ళు చెదిరేట్టు మెరిశాయి. అత్త కంచం వాటిలో వెనకటిది, లోతుగా, అంచు మందంగా ఉండేది. లగ్గంలో నాయినమ్మ పెట్టింది. లోపల నడుమ చుక్కలు చుక్కలుగా అత్త పేరు చెక్కించి ఉంది.

మల్లవ్వ వచ్చింది గాని దూరంగా నిలబడింది. కంచం తేలేదు. తెచ్చినా ఆ బంతిలో కూర్చోనిస్తారో లేదోనని అనుమానపడి ఉంటుంది. అత్త తన కంచాన్ని కొంగుతో తుడిచి ఆమె చేతిలో పెట్టి, రెక్క పట్టుకుని తెచ్చి బంతి నడుమ కూర్చోబెట్టింది. అటూ ఇటూ ఉన్నవాళ్ళు కొంచెం సర్దుకున్నారు. ఆ సర్దుకోవడం చోటివ్వడానికో, జరిగిపోవడానికో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగి తెలుసుకునే ధైర్యమూ లేదు. అత్త మాత్రం అన్నం వండిన డేగిసా మీది మూత బోర్లా తిప్పి అందులో వడ్డించుకుంది.

సగం మంది తింటుండగానే రోడ్డు ఖాళీ చేయించడానికి పోలీసు వ్యాన్లు వచ్చాయి. ఎవరు ఎటు ఉరికారో తెలియదు. నేను పక్కింటి ప్రహరీ దూకాను. గోల సద్దుమణిగి బయటికి వచ్చేసరికి రోడ్డు మీద మనుషులు లేరు, వందల కంచాలున్నాయి. నడుమ అత్త ఒక్కతే గోనె సంచి పట్టుకుని ఒక్కొక్కటీ ఏరుతోంది. "మనోళ్లు మొదటిసారి తినుడు అయినంక ఏం మిగిల్చిండ్రు, ఇప్పుడేం మిగిల్చిండ్రు సూడు కోడలా. గివన్ని మల్ల అన్నం తింటయి" అని మురిసిపోయింది. రోడ్డు మీద పారెయ్యవలసింది ఒక్కటీ లేదు.

ఆ కంచాలు తిరిగి ఇళ్ళకు చేర్చడం మాత్రం పెద్ద భాగోతమయింది. మన దగ్గర గిన్నెల మీద పేరు కొట్టిస్తాం కదా, అత్త కంచం లాంటివి కొన్ని తప్ప, అది వాడుకునేవాళ్ళ పేరు కాదు, కట్నంగా, అంటే కానుకగా, పెట్టినవాళ్ళ పేరు. అత్త ఆ పేర్లు పట్టుకుని బయల్దేరింది. గొల్లపల్లిలో ఒకాయన తన పేరున్న కంచం చూసి అగ్గిమీద గుగ్గిలమయ్యాడట. "గిది మా అల్లుని కొత్తింటికి వెట్టిన. కోరుట్ల రోడ్డు మీదికి ఎట్లచ్చింది?" అని. అల్లుడు దాన్ని ఇంకెవరి పెళ్ళికో పెట్టేశాడు, వాళ్ళు మరొకరికి. ఇబ్రహీంపట్నంలో ఒకావిడ దుబాయిలో ఉన్న తమ్ముడి పేరు చూసుకుని కంచాన్ని గుండెకు హత్తుకుని ఏడ్చిందట. అట్లా తిరిగి తిరిగి, తిట్లు తిని, చాయలు తాగి, చివరికి సంచి ఖాళీ చేసింది.

ఖాళీ అయిన సంచిలో అత్త కంచం లేదు. నాయినమ్మ ఊరుకుంటుందా?

"నేను వెట్టిన కంచం ఎవలకు పోసినవే? ఊరందరియి తెచ్చిస్తివి, నీది అడుక్కునుడు రాదా?"

"ఏడికి వోతది అవ్వా? ఎవలింట్లనో బువ్వ తింటాంది" అంది అత్త.

ఇంక ఆ మాట ఎత్తనివ్వలేదు. ఆ రోజు నుంచి మూతలోనే తింది. ఒక ఏడు కాదు, రాష్ట్రం వచ్చినా, నాయినమ్మ పోయినా, నా పిల్లలు బడికి పోతున్నా మూతలోనే. మేం కొత్త కంచాలు కొని తెస్తే వాటిని చుట్టాలకు పెట్టేది. బావ జగిత్యాలలో క్యాటరింగ్ పెట్టి నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాక తల్లి మూతలో తినడం చూసి తల పట్టుకునేవాడు. కంచం ఆ ఉరుకులాటలోనే ఎక్కడో పోయిందనీ, ఇది ఆమె మొండితనమనీ అనుకునేవాళ్ళం. ఆ కంచం ఎవరి దగ్గరుందో ఆమెకు తెలుసునని, తెలిసే అడగలేదని మా ఎవరికీ తట్టలేదు.

ఇక మూడో రోజు పిట్టకు పెట్టడం దగ్గరికి వస్తాను. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి తీసుకుపోయి పెడతాం. కాకి వచ్చి ముడితేనే వాళ్ళ మనసు నిమ్మళించినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక ఉండిపోయినట్టు. వాగు ఒడ్డుకు వెళ్ళాం. సర్వపిండి, పచ్చిపులుసు, వేడన్నం, ఒక తంబాకు పొట్లం. బావ తన వ్యాను లోంచి ప్లాస్టిక్ ప్లేట్ల కట్ట తీశాడు. నీళ్ళ సీసాల డబ్బా దింపాడు.

"బావా, ఇవి వద్దు. అత్తకు..." అన్నాను.

"నాకెర్క లేదానే? ఇస్తరాకులు దొర్కలే. కడిగేటోళ్లు లేరు. నాకిప్పుడు మనసు మనసుల లేదే" అన్నాడు. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. నేను ప్లేటు అందుకున్నాను.

అన్నం పెట్టి దూరంగా జరిగాం. తుమ్మచెట్టు మీద కాకులున్నాయి. గాలికి ప్లేటు అంచు టపటపా కొట్టుకుంటోంది. దిగబోయిన కాకి ఆ చప్పుడుకు బెదిరి మళ్ళీ లేచిపోయింది. ఇంక మొదలయ్యాయి మొక్కులు. బావ దండం పెట్టి, "అమ్మా, ఇల్లు అమ్మనే. నీ మీద ఒట్టు" అన్నాడు. బావ భార్య, "మనుమరాలి లగ్గం నువ్వన్నట్టే చేస్తం అత్తా" అంది. చిన్నాయన మందు మానేస్తానన్నాడు, అంత దుఃఖంలోనూ ఎవరో కిసుక్కుమన్నారు. కాకి ముట్టలేదు. మొక్కే వంతు నా దాకా వచ్చింది. ఏమని మొక్కను?

అంతలో పెద్దగాలి వచ్చి ప్లేటు ఎత్తి బోర్లేసింది. అన్నం ఇసుకలో పడింది. ప్లేటు ఎగిరి వాగు వైపు పోయింది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దాని వెంట నేను ఉరుకు. అది పోయి తుమ్మకంపలో చిక్కుకుంది. అక్కడ చూశాను. ముళ్ళకు ఒకటి కాదు, ఎన్నో ప్లేట్లు, చిరిగినవి, మట్టి కొట్టుకున్నవి. మాకంటే ముందు పిట్టకు పెట్టిపోయిన ఇళ్ళవి. మా ఊరి చనిపోయినవాళ్ళ అన్నాలన్నీ ఆ కంపకు వేలాడుతున్నాయి. మాది పీకి చేతిలో పట్టుకుని ముఖం ఎత్తలేక అట్లాగే నిలబడ్డాను.

వెనక్కి తిరిగేసరికి బాట మీద మల్లవ్వ ఉంది. జుట్టంతా నెరిసింది. చంకలో గుడ్డ సంచి. సిరిసిల్ల నుంచి నేను పంపిన ముక్కలతో అత్త కుట్టినదే, ఆ నీలి చారలు నాకు తెలుసు. దగ్గరికి రాకుండా అక్కడి నుంచే సంచిలో చెయ్యి పెట్టి కంచం తీసింది. తోమి తోమి అద్దంలా ఉంది.

"అక్కది" అంది.

నేను కంపలోంచి బాట దగ్గరికి నడిచాను.

"ఆ పొద్దు పోలీసోళ్లు అచ్చినప్పుడు పట్టుకోని ఉరికిన బిడ్డా. తెల్లారి తెచ్చిన. అరుగు మీద మీ నాయినమ్మ కూసుండె. మేము తిన్న కంచం మీ ఇంట్లకు ఎట్ల తేవాలె అని కాళ్లు రాలె. అటెంక అక్కకు చెప్పిన. 'నాకెందుకే, నువ్వు తిను' అన్నది. నేను తినలె. దేవుని కాడ వెట్టుకున్న. ఇయ్యాల్ల ఇచ్చిపోదామని అచ్చిన."

ఊళ్ళోని ప్రతి కంచం ఇల్లు చేరింది. ఒక్క మా ఇంటి కంచానికే మా గడప అడ్డం వచ్చింది. ఆమె దాన్ని నా వైపు చాచింది, నేల మీద పెట్టబోయింది కూడా. మా చేతికి అందించడానికి ఇప్పటికీ ఆమెకు జంకే. సిగ్గుతో చచ్చిపోయాను. "మల్లవ్వా, నేను వట్టుకోను. నువ్వే వెట్టు" అన్నాను.

"నేనా? మీ ఓళ్లు ఏమనరా?"

నేను బావ వైపు చూశాను. బావ ఆ కంచంలోకి చూస్తున్నాడు, తల్లి పేరు వైపు. చేతిలోని ప్లేట్ల కట్ట జారి కింద పడింది. "వెట్టు చిన్నమ్మా" అన్నాడు, పక్కకు జరిగి. అతను ఆమెను వరస పెట్టి పిలవడం నేను వినడం అదే మొదటిసారి. మల్లవ్వ ముందు ఇసుకలో పడ్డ అన్నాన్ని ఎత్తబోయింది. బావ ఆపి తానే వంగి ఎత్తాడు. అప్పుడు ఆమె గిన్నెలో మిగిలిన అన్నం కంచంలో పెట్టింది, సర్వపిండి తుంచింది, పచ్చిపులుసు పోసింది. తంబాకు పొట్లం పక్కన పెడుతూ, "తిను అక్కా" అంది.

అందరం దూరం జరిగాం. ఎవరూ మొక్కలేదు. గాలి అట్లాగే వీస్తోంది గాని ఆ కంచం కదల్లేదు. నా చేతిలో ఆ ప్లేటు ఇంకా ఉంది. ఎక్కడ పారెయ్యను? మడిచి చిన్నది చేసి కొంగున ముడి వేసుకున్నాను. తలెత్తేలోపు వాగు ఒడ్డు నుంచి చప్పుడు వినిపించింది. కాకి అన్నం ముద్దను పక్కకు తోసి అడుగు దాకా తింటోంది. అత్త పేరు మీద దాని ముక్కు టక్కు టక్కుమంటోంది.